నీరు త్రాగని నేల
(యుద్ధకాలపు విమాన మైదానాల కథ)

రాయలసీమలో రైతులు కళ్ళం చేసే పద్ధతి పెద్దలకు బాగా తెలుసు. పొలంలో కాస్త మెరకగా ఉన్న చోటు చూసి, గడ్డి చెక్కి, రాళ్ళు ఏరివేస్తారు. నీళ్ళు చల్లి, ఆ తడి సగం ఆరనిచ్చి, పశువులను త్రిప్పి త్రొక్కిస్తారు. లేదా రాతిగుండు దొర్లిస్తారు. ఆపైన పేడనీళ్ళతో అలుకుతారు. ఇట్లా తయారైన కళ్ళం మీద వాన కురిస్తే నీరు ఇంకదు, ప్రక్కలకు జారిపోతుంది. బరువు బండి ఎక్కినా చక్రం దిగబడదు. రెండడుగుల అవతల అదే మట్టి, అదే వానకు, మడమలోతు బురదగా ఉంటుంది.

విమానం దిగే పరుగుబాట కూడా శాస్త్రరీత్యా ఒక పెద్ద కళ్ళమే. ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు, నలభై అయిదు మీటర్ల వెడల్పు గల కళ్ళం అనుకోండి. రైతు నాలుగు నెలల కొరకు చేసే పనిని సైనిక ఇంజనీరు కొన్ని సంవత్సరాల కొరకు చేస్తాడు. అయితే రైతు పంట నూర్చుకున్న తర్వాత కళ్ళాన్ని మళ్ళీ దున్నుకుంటాడు. యుద్ధం ముగిసిన తర్వాత విమాన మైదానాన్ని దున్నుకోవడం అంత సులభం కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే ముందు ఆ మైదానాలు మన వైపు ఎందుకు వచ్చాయో చూడాలి.

అనంతపురం, బళ్ళారి ప్రాంతం విమానాలకు యుద్ధానికి ముందే పరిచయం. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒకే ఇంజను గల చిన్న పస్‌మాత్ విమానంలో టపా తెచ్చాడు. బొంబాయి నుండి ఆ టపాను మద్రాసుకు చేర్చినవాడు ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్. ఆయన దారిలో ఆగిన చోటు బళ్ళారి. (అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953 అక్టోబరు 1న అది మైసూరు రాష్ట్రంలో చేరింది.) బొంబాయి నుండి మద్రాసు సూటిగా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి నింపిన పెట్రోలుతో ఆ దూరం పోగల శక్తి ఆ చిన్న విమానానికి లేదు. అందుచేత నడిమధ్య మజిలీ కావలసి వచ్చింది. పూర్వం బాటసారులకు సత్రాలు ఎట్లాగో, ఆనాటి విమానాలకు ఈ మజిలీలు అట్లాగే.

ఆ మజిలీకి మన పీఠభూమి ఎట్లా పనికివచ్చిందో గ్రహించడానికి బొంబాయి సంగతి చెప్పుకుంటే చాలు. అక్కడ టాటాలు వాడిన జుహూ మైదానం సముద్రపుటొడ్డున ఉన్న మెత్తని నేల. వానకాలం వచ్చేసరికి అది నీటమునిగేది, విమానాలను పూనాకు మార్చుకోవలసి వచ్చేది. మన వైపు అట్లాంటి చిక్కు లేదు. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల ప్రాంతం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతువులో కోస్తాలో కురిసినంతగా ఇక్కడ కురవదు. రైతుకు అది శాపం; రేడియో సహాయం కూడా లేక కంటిచూపు మీదనే ఆధారపడి విమానం నడిపినవానికి అది వరం. మబ్బు తక్కువ, పొగమంచు తక్కువ, నేల గట్టి, చెట్టు తక్కువ. కరువు కారణాలే విమానానికి సదుపాయాలైనవి.

ఇక యుద్ధం. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను వశమైనాయి. మార్చి నెలలోనే అండమాను దీవులు పోయినవి. ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖపట్టణం, కాకినాడల మీద, 9న ట్రింకోమలీ మీద బాంబులు పడ్డవి. విశాఖ, కాకినాడల మీదికి వచ్చిన విమానాలు ఏ దేశపు నేల మీదనుండీ ఎగిరినవి కావు. ర్యూజో అనే విమానవాహక నౌక నుండి ఎగిరినవి. సముద్రమే శత్రువుకు విమానాశ్రయమైనదన్నమాట. మద్రాసు నగరంలో ఆ వారం కలిగిన కలవరం ఇంతింత కాదు. ఎందరో ఊరు విడిచిపోయారు, ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి పట్టణాలకు తరలినవి.

అంతవరకు బ్రిటిషువారు మన దేశ రక్షణ అంటే వాయవ్య సరిహద్దు వైపే చూచేవారు. దక్షిణాదిలో, తూర్పుతీరంలో యుద్ధవిమానాలు దిగగల గట్టి మైదానాలు చాలా స్వల్పం. 1942లో రెండు వందలకు పైగా క్రొత్త మైదానాలు నిర్మించే కార్యక్రమం ఆదరాబాదరాగా మొదలైంది. ముఖ్యమైనవి బెంగాలు, అస్సాములలో. మిగిలినవి తీరం వెంబడీ, తీరానికి వెనుకనున్న మెట్ట ప్రాంతాలలోనూ. ఈనాడు విజయవాడకు విమానాశ్రయమైన గన్నవరం ఆ యుద్ధంలో సైనిక స్థావరమే. మద్రాసు దగ్గరి షోలవరం యుద్ధకాలపు మైదానమే. మన మెట్టభూముల వరకు వస్తే చెప్పుకోదగినది దొనకొండ.

అనంతపురం జిల్లా వాసులకు దొనకొండ దూరపు ఊరుగా తోచవచ్చు. గుంతకల్లులో గుంటూరు రైలెక్కితే డోను, నంద్యాల దాటి, నల్లమల కొండల గుండా పోయి, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు తర్వాత వచ్చే స్టేషను అది. ఆ రోజుల్లో అది మీటరుగేజి మార్గం. యుద్ధకాలంలో బ్రిటిషు ప్రభుత్వం అక్కడ ఒక విమాన మైదానం నిర్మించింది. విమానాలు దిగి పెట్రోలు నింపుకొని పోవడానికి అది మజిలీ.

అక్కడే ఎందుకు? పటం తీసి చూడండి. మద్రాసుకు, హైదరాబాదుకు మధ్య ఒక సరళరేఖ గీయండి. దొనకొండ ఇంచుమించు ఆ రేఖ మీదనే పడుతుంది. మద్రాసు నుండి సుమారు 315 కిలోమీటర్లు, హైదరాబాదుకు సుమారు 210. ఇక సముద్రం వైపు కొలవండి: ఎనభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆనాటి బాంబరు గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వచ్చినా తీరం దాటిన తర్వాత ఇరవై నిమిషాలు పడుతుంది. తీరంలో కాపలావాడు టెలిఫోను చేయడానికి, మైదానంలో విమానం గాలిలోకి లేవడానికి ఆ ఇరవై నిమిషాలే ఆధారం. మూడవది రైలు. పెట్రోలు పీపాలు, బాంబులు, సిమెంటు, మనుషులు, అన్నీ రైలు మీద రావలసినవే. మంచి రోడ్లు లేని ప్రాంతంలో రైలుకట్ట ప్రక్కన కాక మరొక చోట మైదానం పెట్టడం వ్యర్థం.

“హరికేన్ యుద్ధవిమానం ఒక్క నింపుడుతో ఎనిమిది, తొమ్మిది వందల కిలోమీటర్లు పోతుందట గదా, మద్రాసు-హైదరాబాదుల మధ్య మజిలీ దేనికి?” అని తెలివైన విద్యార్థి అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆ లెక్క గాలి ఎదురు లేకుండా, పొదుపైన వేగంతో, సూటిగా పోయినప్పటిది. యుద్ధంలో విమానం పోయి తిరిగి రావాలి, నడుమ వెదకాలి, పోరాడాలి. తిరిగి వచ్చేసరికి బయలుదేరిన చోట తుపాను పట్టి ఉండవచ్చు. అప్పుడు దిగడానికి మరొక చోటు కావాలి. విమానం మార్గమధ్యంలో బండిలాగా నిలువలేదు. కనుక విమానికుడికి ఎప్పుడూ రెండవ మైదానం ఒకటి మనస్సులో ఉండాలి. సగం మైదానాలు ఈ “రెండవ” పనికే పుట్టినవంటే అతిశయోక్తి కాదు.

స్థలం కుదిరింది. ఇక గాలి సంగతి చూడాలి.

విమానాన్ని పైకెత్తేది దాని రెక్కల మీదుగా పోయే గాలి. ఆ ఎత్తుడు బలం మూడింటి మీద ఆధారపడుతుంది: రెక్క వైశాల్యం, వేగం యొక్క వర్గం, గాలి సాంద్రత. మొదటిది మారదు. సాంద్రత తగ్గితే వేగం పెంచుకోక తప్పదు. సముద్రమట్టంలో 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోగ్రాములు. అనంతపురం పట్టణం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల చలిలో ఘనమీటరు గాలి 1.17 కిలోగ్రాములుంటుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో 1.08 మాత్రమే. చల్లని దేశాల లెక్క ప్రకారం ఇంత పలుచని గాలి 1,250 మీటర్ల ఎత్తున గాని ఉండదు. అంటే మే నెల మధ్యాహ్నం మన ఊరు విమానం దృష్టిలో తొమ్మిది వందల మీటర్లు పైకి జరిగిందన్నమాట!

దీని ఫలితం చిన్నది కాదు. సాంద్రత వందకు పన్నెండు పాళ్ళు తగ్గితే, లేవడానికి కావలసిన వేగం వందకు ఆరు పాళ్ళు పెరుగుతుంది. ఇంజనుకు, ప్రొపెల్లరుకు కూడా అదే పలుచని గాలి కనుక త్రోపుడు తగ్గుతుంది. అన్నీ కలిసి విమానం పరుగెత్తవలసిన దూరం కనీసం నాలుగవ వంతు పెరుగుతుంది. ఇంగ్లండులో వెయ్యి మీటర్లు చాలిన విమానానికి ఇక్కడ పన్నెండు వందల యాభై కావాలి. ప్రొద్దుననే బయలుదేరడం, బరువు తగ్గించుకోవడం, బాటను పొడిగించడం, ఈ మూడే మార్గాలు.

కాని ప్రకృతి ఒక చేత్తో తీసినది మరొక చేత్తో ఇస్తుంది. లేవడానికి గంటకు 120 కిలోమీటర్ల వేగం కావలసిన విమానానికి గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి దొరికిందనుకోండి. నేల మీద 100 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు. పరుగు దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక వందకు ముప్పై పాళ్ళు తగ్గిపోతుంది. వేడి అపహరించినదానిని గాలి వడ్డీతో తిరిగి చెల్లించినట్లే. అనంతపురం పీఠభూమి మీద జూను నుండి ఆగస్టు వరకు పడమటి గాలి ఎట్లా వీస్తుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. రామగిరి గుట్టల మీద 1990ల నుండి గాలిమరలు పెట్టి విద్యుత్తు తీసింది ఆ గాలి నుండే.

అందుకే పరుగుబాటను గాలి వైపు ముఖం పెట్టి నిర్మిస్తారు. ఐరోపాలో గాలి ఏ దిక్కునుండైనా రావచ్చును. ఆనాటి విమానాలకు తోకచక్రం ఉండేది. ప్రక్కగాలి వీస్తే నేల మీద గిరుక్కున తిరిగిపోయేవి. కనుక ఇంగ్లండులో యుద్ధకాలపు పెద్ద మైదానాలలో మూడు బాటలు త్రిభుజాకారంగా వేశారు: ఒకటి 2,000 గజాలు, మిగిలిన రెండూ 1,400 గజాల వంతున. మన దేశంలో ఋతుపవనాల పుణ్యమా అని గాలి ఆరు నెలలు ఒక వైపు, తక్కిన కాలం దానికి దాదాపు ఎదురు వైపు వీస్తుంది. ఒకే బాటను రెండు కొసల నుండీ వాడుకోవచ్చు.

దీనికి నిదర్శనం విద్యార్థులే సేకరించవచ్చు. ప్రతి పరుగుబాట కొసనూ దాని దిక్కును తెలిపే సంఖ్య వ్రాసి ఉంటుంది. ఉత్తరం నుండి డిగ్రీలు కొలిచి పదితో భాగించగా వచ్చేదే ఆ సంఖ్య. తూర్పు 90 డిగ్రీలు కనుక 09, పడమర 270 కనుక 27. బేగంపేట బాట 09–27. శంషాబాదు, పుట్టపర్తి అంతే. గన్నవరం, తిరుపతి 08–26. విశాఖపట్టణం 10–28, కడప 11–29. చూడండి, వేరువేరు కాలాలలో, వేరువేరు మనుషులు నిర్మించిన ఈ బాటలన్నీ తూర్పు పడమరలుగానే పండుకొని ఉన్నవి. రాజమహేంద్రవరం బాట మాత్రం 05–23, కొంచెం వాలుగా. ఋతుపవనాల పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ సంఖ్యలు నల్లబల్ల మీద వ్రాస్తే బాణపు గుర్తుల పటం కంటె ఎక్కువగా మనస్సున నాటుతుందని నా నమ్మకం.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉన్నది.

లిబరేటరు అనే నాలుగు ఇంజన్ల బాంబరు నిండు బరువు సుమారు 27 టన్నులు. అందులో అధికభాగం రెండు చక్రాల మీదనే పడుతుంది. ఒక్కొక్క చక్రం క్రింద పన్నెండు టన్నులు! ఈ బరువు క్రిందికి పోయినకొద్దీ గోపురంలాగా విస్తరించి పలుచబడుతుంది. పైపొర గట్టిగా, మందంగా ఉంటే అడుగునేలకు చేరేసరికి బరువు తేలికవుతుంది. పొర ఎంత మందం ఉండాలి అనేది అడుగునేల శక్తిని బట్టి నిర్ణయిస్తారు. ఆ శక్తిని కొలిచే సులువైన పరీక్షను 1920ల చివర కాలిఫోర్నియా రహదారుల శాఖలో పోర్టరు అనే ఇంజనీరు కనిపెట్టాడు: ఒక ఉక్కు కడ్డీని మట్టిలోకి నొక్కి, అది ఎంత ఎదురు నిలుస్తుందో చూసి, మంచి కంకరతో పోల్చి వందకు ఇన్ని పాళ్ళు అని చెప్పడం. రోడ్ల కొరకు పుట్టిన ఈ పరీక్షను 1942లో అమెరికా సైనిక ఇంజనీర్లు విమాన మైదానాలకు స్వీకరించారు. ఈనాటికీ మన రహదారుల శాఖలు అదే పరీక్ష చేస్తున్నవి.

మట్టిని గట్టిపరచడంలో ఒక చమత్కారం ఉన్నది. పొడి మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా రేణువులు ఒకదాని మీద ఒకటి జారవు, సందులు మిగిలిపోతాయి. కొద్దిగా తడి తగిలితే రేణువులు జారి సర్దుకుంటాయి. మరీ తడిసితే సందులలో నీరే చేరి మట్టిని విడదీస్తుంది. కాబట్టి ఏ మట్టికైనా బాగా బిగిసే తడి ఒకటి ఉంటుంది. 1933లో అమెరికాలో ప్రాక్టరు అనే ఇంజనీరు ఈ సంగతిని అంకెలలో పెట్టాడు. కళ్ళం చేసే రైతు నీళ్ళు చల్లిన వెంటనే పశువులను తోలక, సగం ఆరేవరకు ఎందుకు ఆగుతాడో ఇప్పుడు గ్రహించి ఉంటారు. ప్రాక్టరు చెప్పినదే అతడూ చేస్తున్నాడు. అంకె మాత్రం వేసుకోలేదు.

మన కరువునేల మీద ఈ తడి ఎంత ఖరీదైనదో ఒక లెక్క వేద్దాం. 1,500 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల మందం: ఇది 20,250 ఘనమీటర్ల మట్టి. ఘనమీటరు 1.8 టన్నుల వంతున 36,000 టన్నులు పైన. ఎండిన ఎర్రనేలలో తడి వందకు 3 పాళ్ళుంటే, బిగియడానికి 11 పాళ్ళు కావాలనుకుందాం. అంటే దాదాపు 2,900 టన్నుల నీరు, 29 లక్షల లీటర్లు. బావుల నుండి, చెరువుల నుండి మోసి తేవలసినదే. గాలి, ఎండ, గట్టినేల ఉచితంగా ఇచ్చిన పీఠభూమి నీటి దగ్గర మాత్రం చేయి బిగిస్తుంది.

నేల రకమూ ముఖ్యమే. అనంతపురం దక్షిణభాగంలో నల్లరాతి, గ్రానైటు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్రనేలలు, వాటి అడుగున గరుసు. గరుసు పరుగుబాటకు బంగారం. తాడిపత్రి, ఉరవకొండ, గుంతకల్లు ప్రాంతాల నల్లరేగడి అట్లా కాదు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయిపట్టేంత పగుళ్ళు విడుస్తుంది. దాని మీద వేసిన బాట ఏడాది తిరగకుండా అలలు తేలుతుంది. రేగడి మీద కట్టవలసి వస్తే దానిని త్రవ్వి పారవేసి గరుసు నింపడమో, సున్నం కలపడమో చేయాలి.

తొందరగా కావలసిన చోట, నేల మెత్తగా ఉన్న చోట యుద్ధంలో వేరే ఉపాయాలు పన్నారు. రంధ్రాలు పొడిచిన ఉక్కు పలకలను ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి నేల మీద చాపలాగా పరిచేవారు. ఒక్కొక్కటి పదడుగుల పొడవు, పదిహేనంగుళాల వెడల్పు, ముప్పై కిలోగ్రాముల బరువు. 5,000 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు గల బాటకు అట్లాంటివి 60,000 కావాలి. వాటి బరువు 1,800 టన్నులు. ఓడలు చాలని రోజుల్లో అంత ఉక్కు ఎక్కడనుండి వస్తుంది? బర్మా సరిహద్దులో మన బెంగాలు గోనెపట్టకు తారు పూసి, వర్షం లోపలికి పోకుండా, చదును చేసిన నేల మీద పొరలుపొరలుగా పరిచి విమానాలను దింపారు. ఉక్కు అమెరికాదైతే గోనె మనది. ఎక్కడైనా మూలసూత్రం ఒక్కటే: క్రింది మట్టికి నీరు తగలనీయరాదు. మన మట్టిమిద్దెల మీద చౌడు పరిచేవారికి తెలిసిన సూత్రమే ఇది.

1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. మైదానాలలో కొన్ని పౌర విమానాశ్రయాలైనవి, కొన్ని సైన్యం దగ్గరే ఉండిపోయినవి. షోలవరం బాట మీద 1950ల నుండి 1980ల వరకు మోటారు పందేలు జరిగినవి. విమానం కొరకు దిట్టం చేసిన నేల కారుకు అతికినట్లు సరిపోయింది. దొనకొండకు అట్లాంటి అదృష్టమూ పట్టలేదు. దానిని చంపినది శత్రువు కాదు, విమానం యొక్క అభివృద్ధే. యుద్ధాంతానికే డకోటా విమానం 2,000 కిలోమీటర్లకు పైగా ఆగకుండా పోగలిగేది. మద్రాసు నుండి హైదరాబాదు ఒక్క ఎగురులో పోగలవానికి మజిలీ ఎందుకు? రైళ్ళకు బొగ్గు పోయి డీసిలు వచ్చిన తర్వాత నీళ్ళ స్తంభాల గతి ఏమైనదో దొనకొండ గతి అదే అయినది. నూరెకరాలకు పైబడిన ఆ నేల విమానాశ్రయాల ప్రాధికార సంస్థ పేర మిగిలింది. దానిని పునరుద్ధరించాలనే ఆలోచన అప్పుడప్పుడు పత్రికలలో తలయెత్తుతూనే ఉన్నది.

భూముల సంగతి ఇంకొకటి చెప్పాలి. యుద్ధకాలంలో 1939 నాటి భారత రక్షణ చట్టం క్రింద, దాని నిబంధనలలోని 75-ఏ ప్రకారం, ప్రభుత్వం ఏ ఆస్తినైనా తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చును. మైదానాలకు కావలసిన భూములు ఇట్లా కూడా తీసుకున్నారు. తాత్కాలికం అంటే యుద్ధం ముగిశాక తిరిగి ఇచ్చేది. తిరిగి ఇస్తే రైతుకు దక్కేది ఏ భూమి? సర్వే నంబరు అదే, గట్లు అవే, మన్ను కూడా అదే. కాని అది పొలం కాదు.

దుక్కి చేసిన ఎర్రనేల సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.4, 1.5 గ్రాములుంటుంది. అంటే అందులో దాదాపు సగం ఖాళీ. ఆ ఖాళీలలోనే నీరు, గాలి, వేరు, వానపాము నివసిస్తాయి. దిమ్మిస వేసిన నేల సాంద్రత 1.9 దాకా పోతుంది. అట్లాంటి ఇసుకపాలు నేలలో 1.7 దాటితేనే వేరు చొరబడడం కష్టం. దుక్కినేల గంటకు 20, 30 మిల్లీమీటర్ల వానను త్రాగగలిగితే, బిగిసిన నేల రెండు మూడు మిల్లీమీటర్లు త్రాగి మిగతాది విడిచిపెడుతుంది. అనంతపురం మెట్టలో ప్రధానమైన పంట వేరుశనగ. దాని పూవు పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పూవు వాడిన తర్వాత ఊడ క్రిందికి దిగి మట్టిలోకి చొచ్చుకొనిపోతే గాని కాయ ఊరదు. కళ్ళం వంటి నేల మీద ఊడ కొన దిగక ఎండిపోతుంది. చెట్టు పచ్చగా ఉన్నా పంట సున్న. నాగలి పైపొర గీకగలదు. అడుగున ముప్పై సెంటీమీటర్ల లోతున బిగిసిన పొరను అది అందుకోలేదు. చలిదేశాలలో నేల గడ్డకట్టి కరగడంవల్ల ఆ బిగువు కొంత సడలుతుంది. మనకు ఆ సదుపాయం లేదు. నల్లరేగడి తానే ఉబ్బి, పగిలి, కొన్నేళ్ళకు వదులవుతుంది. ఎర్రనేల అట్లా చేయదు. పరుగుబాటకు ఏ నేల మంచిదో, తిరిగి పొలం కావడానికి ఆ నేలే మొండిది.

న్యాయశాస్త్రం కూడా ఈ మృత్తికాశాస్త్రాన్ని గుర్తించింది. స్థిరాస్తుల స్వాధీనానికి, సేకరణకు సంబంధించిన 1952 నాటి కేంద్ర చట్టంలో ఒక నిబంధన ఉండేది. స్వాధీనం చేసుకున్న ఆస్తిని పూర్వస్థితికి తేవడానికి అయ్యే ఖర్చు మితిమీరినదై, పరిహారం లేకుండా తిరిగి పుచ్చుకోవడానికి యజమాని ఒప్పుకోకపోతే, ప్రభుత్వం దానిని శాశ్వతంగా సేకరించవచ్చును. అంటే కొన్ని పనులు తిరుగుముఖం లేనివని శాసనకర్తలే ఒప్పుకున్నారన్నమాట.

ఒక విషయం మాత్రం పాత మైదానాలున్న గ్రామాలవారు ఆలోచించదగినది. పైన చెప్పిన కొలతల బాట వైశాల్యం 67,500 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల మంచి వాన ఒక్కటి కురిస్తే దాని మీద పడే నీరు దాదాపు 34 లక్షల లీటర్లు. నిర్మాణంలో నేల త్రాగిన 29 లక్షల కంటె ఎక్కువే. ఆ నీరు ఇంకదు కనుక అంచుల వెంట పరుగెత్తి ప్రక్క చేలను కోసివేస్తుంది. పల్లపు కొసన ఒక కుంట త్రవ్వితే అదే నీరు నిలుస్తుంది. పంట పండని నేల నీరు పండించగలదు. కరువు సీమలో అదీ ఒక పంటే.

ఈ భేదాన్ని పాఠశాల ఆవరణలోనే కొలవవచ్చు. ఒకే కొలత గల రెండు పాలపొడి డబ్బాలు తెచ్చి రెండు మూతలూ, అడుగులూ తీసివేయండి. ఒకదానిని దగ్గరలోని దున్నిన చేలో, ఇంకొకదానిని పిల్లలు ప్రతిదినం నడిచే కాలిబాట మీద ఉంచి, పైన చెక్కముక్క పెట్టి సుత్తితో మెల్లగా రెండు మూడు సెంటీమీటర్లు దిగేదాకా కొట్టండి. అంచుల వెంట నీరు కారకుండా బయట తడిమట్టి మెత్తండి. రెండింటిలోనూ అయిదు సెంటీమీటర్ల ఎత్తు నీరు పోసి, లోపల స్కేలు నిలువుగా పెట్టి, అయిదేసి నిమిషాలకు నీటిమట్టం వ్రాసుకోండి. మొదట చాలా వేగంగా ఇంకుతుంది, తర్వాత నిలకడ పడుతుంది. ఆ నిలకడ అంకెనే లెక్కకు తీసుకోవాలి. గంటకు ఎన్ని మిల్లీమీటర్లో రెండింటికీ కట్టండి. కాలిబాట అంకె దగ్గర ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి: అక్కడ నడిచినది ముప్పై నలభై కిలోల పిల్లలు మాత్రమే.